ముద్ద ముట్టని పిల్లలు: మొండితనమా? ఇంద్రియాల సున్నితత్వమా?

"మా వాడు ఏమీ తినడండీ" అనే మాట వినకుండా గడిచే రోజు పిల్లలకు వైద్యం చేసేవారికి ఉండదు. ఈ ఫిర్యాదులలో అధిక భాగం భయపడవలసినవి కావు. రెండవ సంవత్సరం నుండి ఆరవ సంవత్సరం వరకు కొత్త పదార్థాన్ని చూచి వెనుకకు తగ్గడం బిడ్డకు ప్రకృతి ఇచ్చిన రక్షణ. నడక వచ్చిన బిడ్డ కనిపించిన ప్రతి ఆకునూ, కాయనూ నోట పెట్టుకుంటే ప్రమాదం కనుక ఆ వయస్సులో సందేహించే బుద్ధి సహజంగా కలుగుతుంది. పెద్దలు ఓర్పు వహిస్తే వయస్సుతో పాటు అది తగ్గుతుంది.

కాని కొందరు బిడ్డల సంగతి ఇంతటితో తేలేది కాదు. తెల్లని అన్నం, గడ్డ పెరుగు, ఒకే రకం బిస్కెట్టు - ఇంతే వారి లోకం. పప్పులో కరివేపాకు కనిపిస్తే కంచం తోసివేస్తారు. వంకాయ ముక్క నాలుకకు తగిలితే ఓకరిస్తారు. పోపు వాసనకే ముక్కు మూసుకుని గది వదిలి పోతారు. ఇటువంటి బిడ్డను చూచి "గారాబం చేసి పాడుచేశారు" అని బంధువులు తల్లిని తప్పు పడతారు. "రెండు దెబ్బలు వేస్తే అదే తింటాడు" అని సలహా చెబుతారు. తల్లి కన్నీరు పెట్టుకుంటుంది, బిడ్డ మరింత బిగుసుకుంటాడు. ఈ వ్యాసం అట్టి ఇళ్ళ కోసం ఉద్దేశించినది.

ఆకలి లేకపోవడం వేరు, అన్నం గిట్టకపోవడం వేరు

ఆయుర్వేద శాస్త్రం భోజనం పట్ల విముఖతను ఒకే వ్యాధిగా చూడలేదు. మాధవ నిదాన వ్యాఖ్యాతలు దీనిని మూడు విధాలుగా విడదీశారు. నోట పెట్టుకున్న అన్నం రుచించకపోవడం అరోచకం. అన్నాన్ని తలచినా, చూచినా, తాకినా ఏవగింపు కలగడం భక్తద్వేషం. కోపం, భయం మొదలైన వాటి వలన తినాలనే కోరిక లేకపోవడం మూడవది. జఠరాగ్ని మందగించి ఆకలి పుట్టకపోవడం వీటికి భిన్నమైన సంగతి.

చరక సంహిత చికిత్సా స్థానంలో అరోచకాన్ని ఐదు రకాలుగా చెప్పారు. వాత, పిత్త, కఫాల వలన మూడు, మూడూ కలసి ఒకటి, మనస్సును ఆశ్రయించి ఐదవది. ఈ ఐదవ దానికి శోకం, భయం, క్రోధం, అతిలోభం కారణాలని చెబుతూ, మనస్సుకు గిట్టని ఆహారం, రూపం, గంధం కూడా కారణాలని శాస్త్రకారుడు స్పష్టంగా చేర్చాడు. అన్నం యొక్క ఆకారం, వాసన మాత్రమే ఒక మనిషిని భోజనానికి దూరం చేయగలవని మన పూర్వులు గుర్తించారన్నమాట.

ఈ భేదం తెలియకపోవడం వలన ఇళ్ళలో జరిగే నష్టం ఒకటి ఉంది. బిడ్డ తినడం లేదనగానే ఆకలి మందు కోసం పరుగెత్తుతారు. అగ్నిని పెంచే ఔషధం ఆకలిని పుట్టిస్తుందే కాని, వంకాయ జిగటను ఆ బిడ్డ నాలుకకు ఇష్టం చేయలేదు. ఆకలి వేసీ తినలేకపోయే బిడ్డ మరింత చికాకు పడతాడు. ఇష్టమైన నాలుగు పదార్థాలను కడుపునిండా తింటూ, మిగిలినవాటిని చూచి పారిపోయే బిడ్డకు ఉన్నది అగ్నిమాంద్యం కాదని తల్లిదండ్రులు గ్రహించాలి.

ఐదు ద్వారాలు

బొర్రా గుహలను చూడవచ్చే కుటుంబాలను గమనించినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. సున్నపురాతి గుహలోని చల్లని తేమ, గబ్బిలాల వాసన, రంగు రంగుల దీపాలు, ప్రతి మాటా మారుమోగడం - ఇవన్నీ ఒక బిడ్డకు వేడుక. కేకలు వేసి, తిరిగి వచ్చే ధ్వని విని నవ్వుతాడు. అదే తల్లి కడుపున పుట్టిన మరొక బిడ్డ గుహ ముఖద్వారం వద్దనే చెవులు మూసుకుని వెనుకకు లాగుతాడు. విశాఖపట్నం నుండి కిరండూల్ వెళ్ళే రైలు సొరంగంలో దూరినప్పుడు కూడా ఇంతే. పెట్టెలోని పిల్లలంతా సంతోషంతో అరుస్తుంటే ఒక బిడ్డ తల్లి ఒడిలో ముఖం దాచుకుంటాడు. గుహా ఒకటే, సొరంగమూ ఒకటే. వాటిని లోనికి స్వీకరించే ఇంద్రియాల శక్తిలో తేడా ఉంది.

భోజనం కూడా బిడ్డకు ఇటువంటి గుహయే. అన్నం ముద్ద ఒకేసారి ఐదు ద్వారాలనూ తట్టుతుంది.

కన్ను: రంగులు కలసిపోవడం, పచ్చని ఆకు తునకలు, గింజలు కనిపించడం కొందరికి గిట్టదు.

ముక్కు: ఉడికిన గుడ్డు, చేప, ఇంగువ, కాలీఫ్లవరు వాసనలు పెద్దలకు తోచినదానికన్నా అనేక రెట్లు ఘాటుగా తోస్తాయి.

చర్మం, నాలుక మీది స్పర్శ: జిగట, పిసర, గరగర, పీచు. బెండకాయ, టమాటా తొక్క, అరటిపండు, గింజలున్న జామపండు ఇక్కడే ఓడిపోతాయి. వేలికి అన్నం అంటుకోవడం కూడా కొందరు భరించలేరు.

రుచి: స్వల్పమైన చేదు, కారం కూడా తీవ్రంగా తెలుస్తాయి.

చెవి: స్టీలు కంచాల చప్పుడు, కుక్కరు ఈల, మిక్సీ హోరు. నోటిలో తాము నమిలే చప్పుడే కొందరికి బాధ.

శబ్ద స్పర్శలకు మూలం వాయువని చరకుడు చెప్పాడు. కనుక ఇట్టి బిడ్డలలో వాత ప్రకృతి లక్షణాలు - పలుచని నిద్ర, ఉలికిపాటు, మలబద్ధం, మార్పును సహించలేకపోవడం - తరచుగా కలసి కనిపిస్తాయి.

ఆధునికులు కూడా ఈ దారిలోనే నడిచారు. అమెరికాకు చెందిన జీన్ ఏర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఇంద్రియాల ద్వారా వచ్చే సమాచారాన్ని మెదడు సమన్వయించుకునే తీరును గురించి 1972లో ఒక గ్రంథం ప్రచురించారు. 2013లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల వర్గీకరణలో, ఆహారపు రంగు, వాసన, స్పర్శ గిట్టక పోషణ దెబ్బతినే స్థాయిలో ఆహారం మానివేయడాన్ని ఒక ప్రత్యేక వ్యాధిగా చేర్చింది. ఆటిజం ఉన్న పిల్లలలో ఈ సున్నితత్వం ఎక్కువగా కనిపిస్తుంది. అయితే ఈ సున్నితత్వం ఉన్న ప్రతి బిడ్డకూ ఆటిజం ఉన్నట్లు కాదు.

ముందుగా పరిశీలించవలసినవి

స్వభావమే కారణమని నిర్ణయించే ముందు శరీరంలో బాధ ఏదైనా ఉన్నదేమో చూడాలి.

1. మలబద్ధం: రెండు మూడు రోజులకు ఒకసారి గట్టిగా విరేచనం అయ్యే బిడ్డకు కడుపు ఎప్పుడూ నిండినట్లే ఉంటుంది. ఇది తీరితే సగం బాధ తీరిన ఇళ్ళు అనేకం.

2. పాలు అధికం కావడం: అన్నం తినడం లేదని రోజుకు లీటరు పాలు పోసే ఇళ్ళు ఉన్నాయి. పాలతో కడుపు నిండుతుంది, ఇనుము లోపిస్తుంది, ఆకలి మరింత తగ్గుతుంది. రెండేళ్ళు దాటిన బిడ్డకు రోజుకు అర లీటరుకు మించనివ్వరాదు.

3. రక్తహీనత: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుండి ఐదేళ్ళ లోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. మట్టి, సుద్ద, గోడ సున్నం తినే అలవాటు ఉంటే రక్త పరీక్ష తప్పనిసరి.

4. పుచ్చిన పళ్ళు, నోటిపూత, వాచిన గవదలు, నులిపురుగులు.

5. మింగేటప్పుడు దగ్గు రావడం, పొలమారడం, తిన్నది పైకి రావడం. ఇవి ఉంటే ఇంటి వైద్యంతో కాలం గడపరాదు.

బలవంతం వలన ఏమి జరుగుతుంది?

ముక్కు మూసి నోట పోయడం, చేతులు పట్టి కుక్కడం, బూచిని చూపి బెదిరించడం మన ఇళ్ళలో ఇంకా పోలేదు. ఏడుస్తున్న బిడ్డ నోట పెట్టిన ముద్ద శ్వాసనాళంలో ప్రవేశించే ప్రమాదం ఉంది. అది ఒక అపాయం. రెండవది, భయమే అరోచకానికి కారణమని శాస్త్రం చెబుతుండగా, భయపెట్టి అరుచిని పోగొట్టబూనడం నిప్పు మీద నెయ్యి పోయడమే.

బలవంతం కంటే మెత్తగా కనిపించే మోసం మరొకటి ఉంది. ఇష్టమైన పదార్థంలో గిట్టనిదాన్ని దాచి పెట్టడం. పెరుగన్నం తప్ప మరొకటి ముట్టని ఆరేళ్ళ బిడ్డకు పెరుగులో చేదు మందు కలిపి పెట్టారు ఒక ఇంట. వాడు మొదటి ముద్దతోనే పసిగట్టాడు. ఆ రోజు నుండి పెరుగన్నం కూడా మానివేశాడు. ఉన్న నాలుగు ఆధారాలలో ఒకటి పోయింది. తిరిగి దానిని దగ్గరకు తీసుకురావడానికి నాలుగు నెలలు పట్టింది. బిడ్డ నమ్మి తినే పదార్థంలో ఏదీ రహస్యంగా కలపరాదు.

ఎదుట సెల్‌ఫోను పెట్టి, బిడ్డ బొమ్మలు చూస్తుండగా నోట కుక్కడం ఈ కాలపు బలవంతం. ఏమి తిన్నాడో బిడ్డకు తెలియదు కనుక నాలుకకు ఏ పరిచయమూ కలగదు. భోజనంపైనే మనస్సు ఉంచి తినాలన్న శాస్త్ర నియమానికి ఇది పూర్తిగా విరుద్ధం.

చరకుడు చెప్పిన నియమాలు - మన వంటింటిలో

విమాన స్థానంలో చెప్పిన భోజన నియమాలు సున్నితులైన బిడ్డల కోసమే వ్రాసినట్లుంటాయి. వేడిగా, స్నిగ్ధంగా, తగిన పరిమాణంలో, ముందు తిన్నది జీర్ణమైన పిమ్మట, ఇష్టమైన చోట, ఇష్టమైన పాత్రలతో, మరీ తొందరగాను మరీ నెమ్మదిగాను కాకుండా భుజించాలన్నారు. వీటిని ఇలా ఆచరించవచ్చు.

వేళ: భోజనానికి, చిరుతిండికి మధ్య రెండున్నర నుండి మూడు గంటల విరామం ఉండాలి. ఆ మధ్య మంచినీరు తప్ప బిస్కెట్టు, పాలు ఇవ్వరాదు.

చోటు: కుక్కరు ఈల, మిక్సీ హోరు ఆగిన తరువాతనే బిడ్డను కూర్చోబెట్టాలి. కూర్చున్నప్పుడు కాళ్ళు గాలిలో వేలాడరాదు. నేల మీద పీట వేసి కూర్చోబెట్టడం మేలు.

పాత్ర: మన మన్యంలో కుట్టే అడ్డాకు విస్తర్లు, డొప్పలు ఇందుకు ఎంతో అనువైనవి. స్టీలు కంచంలా చప్పుడు చేయవు. అన్నం ఒక డొప్పలో, పప్పు ఒక డొప్పలో, కూర వేరొక డొప్పలో పెడితే ఒకదానికొకటి అంటుకోవు. అంటుకోవడమే సహించలేని బిడ్డకు ఈ ఒక్క ఏర్పాటు పెద్ద ఊరట.

పరిమాణం: కొత్త పదార్థం కందిగింజంత చాలు. కంచం నిండా చూస్తేనే వాడు భయపడతాడు.

చేయి: వేలికి అంటడం గిట్టని బిడ్డకు చెంచా ఇవ్వాలి. ప్రక్కన తడిగుడ్డ ఉంచాలి. చెంచాతో తినడం తప్పని నాయనమ్మలు పట్టుబట్టరాదు.

ఏమి వండాలి, ఎప్పుడు పెట్టాలి అనేది పెద్దల పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అనేది బిడ్డ నిర్ణయం. ప్రతి పూట కనీసం ఒకటి వాడు నమ్మే పదార్థం ఉండేటట్లు చూడాలి. అరగంట కాగానే మాట అనకుండా విస్తరి తీసివేయాలి.

పాదాంశిక క్రమం: నాలుగో వంతు రహస్యం

అలవాటైనదాన్ని విడిచి కొత్తదానికి మారేటప్పుడు ఒక్కసారిగా మారరాదని, పాదం చొప్పున మారాలని చరక సంహిత సూత్ర స్థానంలో ఉంది. పాదమంటే నాలుగో వంతు. కొందరు వ్యాఖ్యాతలు పాదంలో పాదం, అంటే పదహారవ వంతు అని కూడా అర్థం చెప్పారు. సున్నితులైన బిడ్డలకు ఈ రెండవ అర్థమే బాగా పనిచేస్తుంది. అయితే ఇక్కడ కలిపేది రహస్యంగా కాదు. వాడు చూస్తుండగా, వాడికి చెప్పి చేయాలి.

తెల్లని పెరుగన్నం మాత్రమే తినే బిడ్డకు ఒక క్రమం చెబుతాను.

మొదటి వారం: అదే పెరుగన్నం. ప్రక్క డొప్పలో ఒక చెంచా సామ అన్నం. తినమని చెప్పనక్కరలేదు. సామలు కూడా తెల్లగానే ఉంటాయి, కన్ను ఎదురు తిరగదు.

రెండవ వారం: వాడి చేతనే రెండు మూడు సామ మెతుకులు పెరుగన్నం మీద వేయించాలి. తీసివేసినా ఏమీ అనరాదు.

మూడు, నాలుగు వారాలు: అన్నంలో పదహారవ వంతు సామ అన్నం. అంగీకరిస్తే ఎనిమిదో వంతు, తరువాత నాలుగో వంతు.

ఆ పిమ్మట: పెరుగు స్థానంలో వడకట్టిన పెసరకట్టు ఒక చెంచా. తరువాత మెత్తని పెసరపప్పు.

ఒక మెట్టు మీద బిడ్డ ఆగిపోతే వెనుకటి మెట్టుకు దిగాలి. సాధారణ బిడ్డ కూడా కొత్త రుచిని అంగీకరించడానికి పది పదిహేను సార్లు చూడవలసి ఉంటుంది. సున్నితమైన బిడ్డకు అంతకు రెట్టింపు పట్టవచ్చు. చూడటం, వాసన చూడటం, వేలితో తాకటం, పెదవికి ఆనించటం, నాలుకతో నాకి ఉమ్మివేయటం - ఇవన్నీ తినడానికి ముందు మెట్లు. ఉమ్మినందుకు కోప్పడరాదు, తిన్నందుకు చప్పట్లు కొట్టరాదు. భోజనానికి సంబంధం లేని వేళ చిక్కుడు కాయలు వలిపించడం, పిండి కలిపించడం, సంతకు తీసుకుపోయి దుంపలు ఏరించడం కూడా చికిత్సలో భాగమే.

కొండ పంటలలో అనువైనవి

చోడి అంబలి: ఉత్తరాంధ్రలో చోళ్ళని పిలిచే రాగులలో 100 గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది దానిలో స్వల్ప భాగమే. గరగర సహించని బిడ్డకు రెండు చెంచాల చోడి పిండిని రాత్రి నీటిలో నానబెట్టి, ఉదయం పలుచని గుడ్డలో వడకట్టాలి. ఆ తేట పాలను సన్నని సెగ మీద ఉండ కట్టకుండా కాచి, గోరువెచ్చగా మజ్జిగ గాని, కొద్దిగా బెల్లం గాని చేర్చి ఇవ్వాలి. కరకరలాడేవే కోరే బిడ్డకు అదే పిండితో పలుచని అట్టు గట్టిగా కాల్చి ఇవ్వాలి. ఒకే ధాన్యాన్ని రెండు స్పర్శలకు మలచవచ్చునన్నమాట.

రాజ్మా: మన్యంలో పండే ఈ గింజలను రాత్రంతా నానబెట్టి, బాగా ఉడికించి, పొట్టు తీసి, మెత్తగా నూరి, నెయ్యి చేర్చి ఇవ్వాలి. పచ్చిగాను, సగం ఉడికినవిగాను పెడితే వాంతులు, విరేచనాలు కలుగుతాయి.

చిలగడదుంప, కంద: ఉడికించి నూరితే నునుపుగా, ఒకే రంగుతో ఉంటాయి. చాలామంది బిడ్డలు త్వరగా అంగీకరిస్తారు.

ఐదేళ్ళ లోపు పిల్లలకు వేరుశనగ గింజలు, శనగలు, ద్రాక్షపండ్లు ముక్కలు చేయకుండా ఇవ్వరాదు. గొంతుకు అడ్డుపడతాయి.

గృహ చికిత్సలు - వాటి పరిమితి

అభ్యంగం: భోజనానికి గంట ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో పాదాలు, వీపు మర్దించి స్నానం చేయించాలి. అరచేయి ఆనించి నిదానంగా, నిండుగా రుద్దాలి. వేళ్ళతో తేలికగా రాస్తే ఈ బిడ్డలకు చక్కిలిగింతలై చికాకు పుడుతుంది. ఒప్పుకోని బిడ్డకు పాదాలతో ప్రారంభించాలి.

మలబద్ధానికి: పది ఎండు ద్రాక్షలు రాత్రి నానబెట్టి, ఉదయం పిసికి, వడకట్టిన రసం.

నాలుక మొద్దుబారినట్లుంటే: ఐదేళ్ళు దాటిన బిడ్డకు భోజనానికి ముందు గోరువెచ్చని నీటితో పుక్కిలింత. తరువాత రెండు మూడు చెంచాల దానిమ్మ రసం.

నిజంగా ఆకలి మందగిస్తే: మూడేళ్ళు దాటిన బిడ్డకు నాలుగైదు చుక్కల అల్లం రసం అర చెంచా తేనెతో. ఏడాది లోపు శిశువుకు తేనె ఏ రూపంలోనూ ఇవ్వరాదు. అందులో ఉండగల సూక్ష్మక్రిముల విషం పసివారికి ప్రాణాంతకం కావచ్చు.

ఆకలి పెంచుతాయని అమ్మే భస్మాలను, పేరు లేని పొడులను వైద్యుని సలహా లేకుండా వాడరాదు. శుద్ధి సరిగా లేని భస్మాలలో సీసం, పాదరసం వంటివి ఉండే ప్రమాదం ఉంది.

కొండ పిల్లల మాట

"కొండ పిల్లలు ఏది పెట్టినా తింటారు, ఇవన్నీ పట్టణపు జబ్బులు" అని కొందరు అంటారు. ఇది సరికాదు. అనంతగిరి, అరకు కొండలలోని గూడేలలో కూడా అంబలి జిగట గిట్టని బిడ్డలు, అంగన్‌వాడీలో పెట్టిన గుడ్డు వాసనకు ముఖం తిప్పుకునే బిడ్డలు ఉన్నారు. పట్టణంలో అటువంటి బిడ్డకు తల్లి పది రకాలు వండి చూపగలదు. గూడెంలో ఆ పూటకు ఉన్నది ఒక్క అంబలి. దానిని వాడు ముట్టకపోతే, మొండివాడన్న పేరు కూడా రాకుండానే చిక్కిపోతాడు. ఆరు నెలల నుండి ఐదేళ్ళ లోపు బిడ్డ దండ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్ల లోపునకు దిగితే అది తీవ్రమైన పోషకాహార లోపం. వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలి. మీ ఇంట పనిచేసేవారి పిల్లలలో గాని, ఇరుగు పొరుగున గాని ఇట్టి బిడ్డ కనిపిస్తే ఈ మాట చెప్పండి.

వైద్యుని ఎప్పుడు సంప్రదించాలి?

- బరువు తగ్గుతున్నా, ఆరు నెలలుగా పెరగకపోయినా.
- తినే పదార్థాలు పది పదిహేనుకు మించక, అందులోనూ ఒక్కొక్కటి తగ్గిపోతున్నా.
- చిగుళ్ళ నుండి రక్తం, కాళ్ళ నొప్పులు, రేచీకటి కనిపించినా. చాలాకాలం పండ్లు, ఆకుకూరలు పూర్తిగా మానిన పిల్లలలో ఇవి వస్తాయి.
- తినేటప్పుడు పొలమారినా, తరచు వాంతి అయినా.
- పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, కళ్ళలోకి చూడకపోయినా, రెండేళ్ళకు రెండు పదాలు కలిపి మాట్లాడకపోయినా.

చివరి లక్షణాలున్న బిడ్డను పిల్లల వైద్యునికి, ఆక్యుపేషనల్ థెరపిస్టుకు చూపించాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలను పరీక్షించి జిల్లా స్థాయి కేంద్రాలకు పంపే ఏర్పాటు ఉంది. ఆయుర్వేద చికిత్స దీనికి తోడు కాగలదే కాని బదులు కాదు.

వైద్యుని వద్దకు వెళ్ళేముందు పదిహేను రోజుల పాటు ఒక నోటు పుస్తకంలో మూడు గడులు గీసి వ్రాయండి. బిడ్డ తిన్నవి ఒక గడిలో, తినకపోయినా తాకినవి లేక వాసన చూచినవి రెండవ గడిలో, పూర్తిగా త్రోసినవి మూడవ గడిలో. ప్రతి దాని ఎదుట అది మెత్తనిదా, కరకరలాడేదా, జిగటా, వేడా, చల్లనా అని ఒక్క మాట చేర్చండి. ఆ పట్టిక చూస్తే మీ బిడ్డను బాధిస్తున్నది ఏ ఇంద్రియమో చాలావరకు తెలిసిపోతుంది. రెండవ గడిలోని పదార్థాలతోనే పాదాంశిక క్రమాన్ని ప్రారంభించండి.